మలిన్చే, యోరోనా, గ్వాదలూపె: ఏ కథ వయసు దానిదే

మీరు స్పానిష్ పాఠ్యపుస్తకంలో "మెక్సికో ముగ్గురు తల్లులు" అనే పాఠం చదివారు. అందులో దేశాన్ని పరాయివాడి చేతికి అప్పగించిన మలిన్చే, కన్నబిడ్డలను నీట ముంచి రాత్రిళ్లు ఏడుస్తూ తిరిగే యోరోనా, అందరినీ కడుపులో పెట్టుకునే గ్వాదలూపె మాత ఒకే వరుసలో నిలబడ్డారు. దాని మీద సెమినార్ పత్రం రాస్తూ మీరు నాలుగు సంగతులు అడిగారు: మలిన్చేను మెక్సికో విభీషణుడు అనుకోవచ్చా, యోరోనా ఆమె దయ్యమేనా, గ్వాదలూపె మాత పేరు మార్చుకున్న పాత అజ్‌తెక్ దేవతేనా, "మలిన్చీస్తా" అనే మాటను మనం సంభాషణలో వాడవచ్చా.

నేను ఇరవై ఏళ్లకు పైగా స్పానిష్ బోధిస్తున్నాను, అనువాదాలు చేస్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్లు విద్యార్థులకు ఇచ్చిన నోట్సులో యోరోనా అంటే మలిన్చేయేనని నేనూ రాశాను, ఎందుకంటే నాకు చెప్పినవారు అలాగే చెప్పారు. ఆ తప్పు దిద్దుకోవడానికి పదహారో శతాబ్దపు పత్రాల దాకా వెనక్కి వెళ్లి చదవవలసి వచ్చింది. అందుకే మీకు ఒక్క ముక్కలో అవుననో కాదనో చెప్పి ఊరుకోలేను. ఈ మూడు కథల్లో దేన్ని ముట్టుకున్నా ముందుగా అడగవలసింది ఒకటే: ఈ మాట మొదట ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అప్పటికి ఆ సంఘటన జరిగి ఎన్నాళ్లయింది.

మలిన్చేతో మొదలుపెడతాను. ఆమె 1500 ప్రాంతంలో, మెక్సికో సింధుశాఖ తీరంలోని కోట్సకోల్కోస్ పరిసరాల్లో పుట్టింది. మాతృభాష అజ్‌తెక్‌లు మాట్లాడిన నావాత్ల్. చిన్నతనంలోనే ఇంటికి దూరమై, చేతులు మారి, మాయా భాష మాట్లాడే తబాస్కో ప్రాంతంలో బానిసగా తేలింది. తండ్రి పోయాక తల్లి మారుమనువు చేసుకుని, ఆ రెండో సంబంధంలో పుట్టిన కొడుకుకు వారసత్వం దక్కడం కోసం కూతురిని వదిలించుకుందని, మెక్సికోను జయించిన స్పెయిన్ సేనాని కొర్తేస్ దండులో సైనికుడిగా పనిచేసిన బెర్నాల్ దియాస్ తన ముసలితనంలో రాసుకున్నాడు. 1519 మార్చిలో తబాస్కో తీరాన స్పెయిన్ వారితో పోరాడి ఓడిన స్థానిక పెద్దలు సంధికోసం ఇచ్చిన కానుకల్లో బంగారంతో పాటు ఇరవైమంది స్త్రీలు కూడా ఉన్నారు. ఆ ఇరవైమందిలో ఈమె ఒకతె. బాప్తిస్మం ఇచ్చి మరీనా అని పేరు పెట్టిన తర్వాత కొర్తేస్ ఆమెను తన అనుచరుల్లో పెద్ద ఇంటివాడైన పొర్తోకర్రేరోకు ఇచ్చేశాడు. ఇంతవరకు జరిగిన దానిలో ఎక్కడా ఎవరూ ఆమె ఇష్టాన్ని అడిగిన దాఖలా లేదు.

కొద్ది వారాలకు అజ్‌తెక్ చక్రవర్తి మొక్తెసూమా దూతలు సముద్రతీరానికి వచ్చారు. కొర్తేస్ వద్ద అప్పటికే అగిలార్ అనే దుబాసీ ఉన్నాడు. 1511లో ఓడ పగిలి యుకతాన్ తీరానికి కొట్టుకొచ్చి, ఎనిమిదేళ్లు మాయా ప్రజల మధ్య బతికి, వారి భాష నేర్చినవాడు. అయితే దూతలు మాట్లాడింది నావాత్ల్. అగిలార్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానుకగా వచ్చిన స్త్రీలలో ఒకామె వారితో మాట్లాడగలదని అప్పుడు తెలిసింది. ఆ రోజునుంచి కొర్తేస్ స్పానిష్‌లో చెప్పిన మాటను అగిలార్ మాయాలోకి, మరీనా మాయానుంచి నావాత్ల్‌లోకి మార్చేవారు. జవాబు అదే దారిలో వెనక్కి వచ్చేది. ఎక్కువ కాలం గడవకముందే ఆమె స్పానిష్ కూడా నేర్చుకుంది, మధ్యలో అగిలార్ అవసరం తగ్గిపోయింది. ఆ కాలపు స్పానిష్‌లో దుబాసీని "లెంగ్వా" అనేవారు, అంటే నాలుక. కొర్తేస్ తన రెండో ఉత్తరంలో స్పెయిన్ రాజుకు ఆమెను పరిచయం చేసింది అలాగే: ఈ దేశపు స్త్రీ అయిన నా నాలుక అన్నాడు. పేరు కూడా చెప్పలేదు. తర్వాత ఎప్పుడో అయిదో ఉత్తరంలో గాని మరీనా అన్న పేరు కనిపించదు.

పేరు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే తెలుగువారికి ఇది తేలికగా అందుతుంది. నావాత్ల్‌లో "ర" ధ్వని లేదు. అందువల్ల వారి నోట మరీనా "మలీనా" అయింది. ఆ భాషలో గౌరవం చూపడానికి పేరు చివర "త్సిన్" చేరుస్తారు, మనం "గారు" చేర్చినట్టు. మలీనాకు త్సిన్ చేరి "మలిన్‌త్సిన్" అయింది, అంటే మలీనగారు. ఆ మాట స్పెయిన్ వారి చెవికి "మలిన్చే" అని వినబడింది. ఇవాళ తిట్టుగా వాడే ఆ పేరు పుట్టుకతో గౌరవవాచకం. ఇంకొక సంగతి, బెర్నాల్ దియాస్ చెప్పిన దాని ప్రకారం స్థానికులు కొర్తేస్‌నే "మలిన్చే" అని పిలిచేవారు, మలిన్‌త్సిన్ వెంట ఉండే కెప్టెన్ అనే అర్థంలో. ఇక ఆమె పుట్టుపేరు "మలినల్లి" అని చాలాచోట్ల రాస్తున్నారు. ఆమె బతికున్న కాలపు పత్రాల్లో అది లేదు. మీ సెమినార్ పత్రంలో ఆ పేరు వాడకండి.

ఇప్పుడు విభీషణుడి పోలిక. విభీషణుడు లంకలో పుట్టినవాడు, రావణుడి సొంత తమ్ముడు, ఆ కొలువులో కూర్చున్నవాడు. "ఇంటిగుట్టు లంకకు చేటు" అన్న సామెత పుట్టింది అక్కడే. మలిన్‌త్సిన్‌కు మెషీకాల, అంటే మనం అజ్‌తెక్‌లు అనేవారి, రాజధాని తెనోచ్తిత్లాన్ సొంత ఇల్లు కాదు. ఆమె పుట్టిన ఊరు మెషీకా రాజ్యపు అంచున ఉంది. ఆమె ఆ రాజధానిని 1519 నవంబర్ 8న కొర్తేస్ వెంట లోపలికి నడిచిన రోజునే చూసింది. అప్పటికి మెక్సికో అనే దేశం లేదు, మెక్సికన్ అనే జాతి భావన లేదు. ఎవరి పట్టణం వారిది, ఎవరి రాజు వారికి, మెషీకా చక్రవర్తికి కప్పం కట్టే పట్టణాల వారికి ఆయన మీద ఉన్నది భక్తి కాదు, భయం. తరతరాలుగా మెషీకాలతో పోరాడుతున్న త్లాస్కాలా ప్రజలు మొదట స్పెయిన్ వారితో యుద్ధం చేసి, తర్వాత ఆలోచించుకుని వారితో చేయి కలిపారు. కొర్తేస్ తెచ్చుకున్నది అయిదు వందలకు పైచిలుకు సైనికులను. 1521 ఆగస్టు 13న తెనోచ్తిత్లాన్ కూలినప్పుడు దానిని ముట్టడించిన వారిలో అత్యధికులు స్థానిక మిత్రసేనలే. అంతకు ముందటి ఏడాది నగరంలో మశూచి వ్యాపించి, మొక్తెసూమా తర్వాత గద్దెనెక్కిన క్విత్లావాక్‌నే పొట్టన పెట్టుకుంది. ఇన్ని కారణాలుండగా ఒక బానిస స్త్రీ నాలుక మీద సామ్రాజ్య పతనాన్ని మోపడం నాకు న్యాయంగా తోచదు.

ఆమెను ద్రోహి అనేవారు ముందుగా చూపే సాక్ష్యం చొలూలా. 1519 అక్టోబర్‌లో ఆ పట్టణంలో స్పెయిన్ వారు, త్లాస్కాలా వారు కలిసి ఘోరమైన ఊచకోత జరిపారు. రెండు గంటల్లో మూడు వేల మందికి పైగా చంపామని కొర్తేసే రాసుకున్నాడు. చొలూలా వారు తమపై కుట్ర పన్నారని, ఆ రహస్యాన్ని స్థానిక స్త్రీ ఒకామె మరీనాకు చెబితే ఆమె తమకు చేరవేసిందని స్పెయిన్ వారి కథనం. కాని నావాత్ల్ మాట్లాడే నావా పెద్దలు చెప్పగా రాసిన కథనంలో ఈ స్త్రీ గాని, ఈ హెచ్చరిక గాని లేవు. చొలూలాతో పాత పగ ఉన్న త్లాస్కాలా వారే కొర్తేస్‌ను ఎగదోశారని అక్కడ ఉంటుంది. ఊచకోత జరిపినవాడు దానికి కారణం చెప్పుకోవలసి వచ్చినప్పుడు, తన దుబాసీని సాక్షిగా నిలబెట్టుకోవడంలో అతని అవసరం ఎంత ఉందో ఆలోచించండి. ఆమె నిజంగా హెచ్చరించి ఉండవచ్చు కూడా. ఒకవేళ హెచ్చరించినా, ఆ దండు చస్తే ఆమె ఏమయ్యేదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ శతాబ్దపు స్థానికులు ఆమెను ఎలా చూశారో తెలుసుకోవాలంటే దాదాపు 1552 నాటి త్లాస్కాలా చిత్రపటాన్ని చూడాలి. పెద్ద గుడ్డమీద ఆ పట్టణం వారు తమ చరిత్రను బొమ్మలుగా గీయించుకున్నది అది. అందులో ఆమె విపీల్ అనే పొడవైన స్థానిక అంగీ తొడుక్కుని, వేలు చాపి మాట్లాడుతూ, చాలా బొమ్మల్లో అందరికీ నడుమ నిలబడి ఉంటుంది. తలవంచుకున్న బానిసగా ఎక్కడా కనిపించదు. అదే త్లాస్కాలాలో 4,400 మీటర్లకు పైగా ఎత్తున్న అగ్నిపర్వతాన్ని ఇవాళ్టికీ లా మలిన్చే అంటారు. దాని పాత పేరు మత్లాల్క్వేయె, అది ఒక దేవత పేరు. ద్రోహి అనుకున్న మనిషి పేరును ఎవరూ కొండకు పెట్టుకోరు.

మరి ద్రోహి అన్న ముద్ర ఎప్పుడు పడింది? స్పెయిన్ పాలనలో మూడు వందల ఏళ్లపాటు ఆమె "దోన్యా మరీనా", మర్యాదస్తురాలు. 1821లో మెక్సికో స్వతంత్రం పొందింది. కొత్త దేశానికి ఒక ప్రాచీన చరిత్ర కావలసి వచ్చింది. స్పెయిన్ రక్తంతో పుట్టిన నాయకులే తమను తాము మొక్తెసూమా వారసులుగా చెప్పుకోసాగారు. స్పెయిన్ శత్రువైతే స్పెయిన్‌కు సాయపడిన ఆమె శత్రువుకు సహాయకురాలయింది. 1826లో ఫిలడెల్ఫియాలో రచయిత పేరు లేకుండా అచ్చయిన ఒక స్పానిష్ నవలలో ఆమె కుటిలురాలిగా, దేశాన్ని అమ్మినదానిగా కనిపిస్తుంది. ఆ బొమ్మే తర్వాత బలపడింది. అంటే ఆమె చనిపోయిన దాదాపు మూడు వందల ఏళ్లకు, ఆమె ఎన్నడూ వినని దేశం పేరుమీద, ఆమెకు ద్రోహం అంటగట్టారు. త్లాస్కాలా వారినీ అదే కారణంతో ద్రోహులన్నారు. 1950లో మెక్సికన్ కవి ఒక్తావియో పాస్ తన ప్రసిద్ధ వ్యాసంలో ఆమెను చెరచబడిన తల్లికి ప్రతీకగా, మెక్సికన్లు క్షమించలేని మనిషిగా చిత్రించాడు. 1962 నుంచి 1968 వరకు మన దేశంలో మెక్సికో రాయబారిగా ఉన్న పాస్ ఈయనే. ఆ వ్యాసం చాలా గొప్పగా రాసినది. అయితే అందులో ఉన్నది ఇరవయ్యో శతాబ్దపు మెక్సికన్ మగవాడి మనసు, పదహారో శతాబ్దపు స్త్రీ జీవితం కాదు. మన విద్యార్థులు దానిని చరిత్రగా చదవడం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఆమెను "తొలి మెస్తీసో" (స్పెయిన్, స్థానిక జాతుల కలయికలో పుట్టిన) బిడ్డకు తల్లి అని పొగిడేవారు కూడా పొరబడుతున్నారు. కొర్తేస్‌కు ఆమెకు పుట్టిన మర్తీన్ కంటే ముందే, అగిలార్‌తో పాటు ఓడ పగిలి యుకతాన్ చేరిన గొన్సాలో గెర్రేరో అనే నావికుడు మాయా స్త్రీని పెళ్లాడి పిల్లలను కన్నాడు. ఆ జాతి కలయిక ఒక్క స్త్రీ గర్భంనుంచి మొదలు కాలేదు. 1982లో మెక్సికో నగరంలోని కొయొవకాన్‌లో కొర్తేస్, మలిన్చే, వారి కొడుకు ఉన్న శిల్పాన్ని జాతుల కలయికకు గుర్తుగా నిలబెడితే జనం ఎంతగా వ్యతిరేకించారంటే, దానిని అక్కడినుంచి తీసి అంతగా పేరులేని ఒక ఉద్యానంలో పెట్టవలసి వచ్చింది.

యోరోనా విషయం ఇంత పెద్దది కాదు. ఆ మాటకు ఏడ్చే ఆడది అని అర్థం. రాత్రివేళ తెల్లబట్టలతో, జుట్టు విరబోసుకుని, ఏటి ఒడ్డున "అయ్యో నా బిడ్డలు" అని ఏడుస్తూ తిరుగుతుందని మెక్సికోలోనే కాక గ్వాతెమాలా, కోస్తా రీకా, వెనెసూలా వరకు, ఉత్తరాన అమెరికాలోని టెక్సస్, న్యూ మెక్సికో వరకు చెప్పుకుంటారు. ఏడుపు దగ్గరగా వినిపిస్తే ఆమె దూరంగా ఉన్నట్టని, దూరంగా వినిపిస్తే పక్కనే ఉన్నట్టని కొన్నిచోట్ల అంటారు. చీకటిపడ్డాక పిల్లలు కాలువల వైపు పోకుండా తల్లులు ఈ కథ చెప్పడం ఇప్పటికీ ఉంది.

దీనికి పాత ఆధారం బెర్నార్దినో దె సాగూన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆయన నావా శిష్యులు దశాబ్దాలపాటు సేకరించి 1577 నాటికి రూపం ఇచ్చిన పెద్ద గ్రంథంలో ఉంది. స్పెయిన్ వారి రాకకు ముందు కనిపించాయన్న ఎనిమిది అపశకునాల్లో ఆరవది, తెల్లవార్లూ ఏడుస్తూ తన బిడ్డలను ఎక్కడికి తీసుకుపోవాలో తెలియక విలపించిన ఒక స్త్రీ గొంతు. రాత్రిపూట ఏడుస్తూ తిరిగే సివాకోవాత్ల్ అనే దేవత కూడా అదే గ్రంథంలో ఉంది. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ ఏడుపు వినిపించింది కొర్తేస్ ఓడలు రాకముందు. అప్పటికి మలిన్‌త్సిన్ తబాస్కోలో పరాయి ఇంట పనిచేస్తున్న అనామకురాలు. పైగా ఆమె బిడ్డలను చంపలేదు. మర్తీన్‌ను తండ్రి స్పెయిన్‌కు తీసుకుపోయాడు, 1529లో పోపు ఆజ్ఞతో అతడు న్యాయసమ్మతమైన కొడుకయ్యాడు, శాంతియాగో వీరసంఘంలో సభ్యుడయ్యాడు. 1524లో ఆమె పెళ్లాడిన హువాన్ హరమీయోకు కలిగిన కూతురు మరియా కూడా బతికి పెరిగింది. తల్లే బహుశా 1529 ప్రాంతంలో, ముప్పై ఏళ్లు నిండీ నిండకముందే చనిపోయింది. బిడ్డలు తల్లిలేని వారయ్యారు గాని, తల్లి బిడ్డలను పోగొట్టుకుని తిరగలేదు.

ఆ అపశకునాలను కూడా ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు. ఓటమి జరిగిన దశాబ్దాల తర్వాత, ఇంత పెద్ద విపత్తు ముందస్తు సూచన లేకుండా ఎలా వచ్చిపడిందని వెనక్కి తిరిగి వెతుక్కున్న మనుషుల మాటలు అవి అని చాలామంది చరిత్రకారులు అంటున్నారు, నాకూ అదే సరిగా అనిపిస్తుంది. ప్రియుడు పెద్దింటి పిల్లను పెళ్లాడితే కడుపుమండి బిడ్డలను చంపుకున్న స్త్రీ కథ పాత గ్రంథంలో లేదు. అది యూరప్ కథల పోలికలతో తర్వాత వచ్చి చేరి, పందొమ్మిదో శతాబ్దపు పద్యాల్లో, లెజెండుల సంపుటాల్లో స్థిరపడింది. మలిన్చే ద్రోహిగా మారింది కూడా ఆ శతాబ్దంలోనే కాబట్టి, ఇద్దరినీ కలిపేయడం అప్పటివారికి సులువైంది. తెవాన్తెపెక్ వైపునుంచి వచ్చిన ప్రసిద్ధ పాట పేరు కూడా లా యోరోనాయే, కాని అందులో బిడ్డలను చంపిన దయ్యం లేదు, ఉన్నది ప్రేమ, శోకం. తరగతిలో వినిపించేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే విద్యార్థులు రెండింటినీ ఒకటనుకుంటారు. ఇటీవల 2019లో గ్వాతెమాలాలో తీసిన ఒక సినిమా, ఏడ్చే స్త్రీని సైన్యం చంపిన మాయా బిడ్డల తల్లిగా మార్చి, నేరాన్ని తల్లిమీదనుంచి తీసి నియంత మీద పెట్టింది. అంతర్యుద్ధ కాలంలో ఆ దేశంలో ఎన్ని మాయా గ్రామాలు నేలమట్టమయ్యాయో తెలిసినవారికి ఈ మార్పు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

గ్వాదలూపె మాత దగ్గర మాత్రం నేను ఎక్కువ జాగ్రత్తగా మాట్లాడతాను, ఎందుకంటే ఇది కోట్లమంది నిత్యం మొక్కే దైవం. విశ్వాసుల కథ ప్రకారం 1531 డిసెంబర్‌లో మెక్సికో నగరానికి ఉత్తరాన ఉన్న తెపెయాక్ గుట్టమీద హువాన్ దియేగో అనే నావా రైతుకు మేరీమాత కనిపించి, తనకు అక్కడ గుడి కట్టించమని బిషప్ సుమార్రాగాకు చెప్పమంది. బిషప్ ఆనవాలు అడిగాడు. డిసెంబర్ 12న హువాన్ దియేగో తన ఉత్తరీయంలో మూటగట్టి తెచ్చిన పూలు విప్పగానే, ఆ గుడ్డమీద ఆమె రూపం అచ్చుపడి ఉంది. ఆ గుడ్డే ఇవాళ అక్కడి పెద్ద చర్చి అయిన బసీలికాలో ఉన్నది.

పత్రాలు చెప్పేది ఇది. సుమార్రాగా రాతల్లో ఈ సంగతి లేదు. 1550ల నాటికి తెపెయాక్‌లో గుడి, జనం, భక్తి ఉన్నాయని మాత్రం ఖాయం, ఎందుకంటే 1556లో దానిమీద పెద్ద గొడవ జరిగింది: ఆర్చ్‌బిషప్ మొంతూఫార్ ఆ భక్తిని మెచ్చుకుంటే, ఫ్రాన్సిస్కన్ల పెద్ద బుస్తమంతే ఆ బొమ్మ ఒక స్థానిక చిత్రకారుడు వేసినదని వేదికమీదనుంచే ఖండించాడు. దర్శన వృత్తాంతం పూర్తిగా అచ్చులోకి వచ్చింది 1648లో స్పానిష్‌లో, 1649లో నావాత్ల్‌లో. నూట పదిహేడేళ్ల ఎడం. 1996లో ఆ బసీలికా అధిపతే హువాన్ దియేగో ఒక ప్రతీక అన్న మాట అని, పెద్ద దుమారం రేగి పదవి వదులుకోవలసి వచ్చింది. 2002 జూలై 31న పోప్ రెండవ జాన్ పాల్ హువాన్ దియేగోను పునీతుడిగా ప్రకటించారు. దర్శనం జరిగిందా లేదా అన్నది విశ్వాసానికి చెందినది, దానిని నేను తేల్చను.

పాత దేవతేనా అన్న ప్రశ్నకు ముఖ్యమైన సాక్షి మళ్లీ సాగూనే. 1576లో ఆయన, తెపెయాక్‌లో పూర్వం తోనాన్త్సిన్ అనే దేవత గుడి ఉండేదని, జనం దూరదూరాలనుంచి వచ్చేవారని, ఇప్పుడు గ్వాదలూపె మాతను కూడా తోనాన్త్సిన్ అంటూ అలాగే వస్తున్నారని, ఇది తనకు అనుమానంగా ఉందని ఫిర్యాదు చేశాడు. దీన్ని పట్టుకుని చాలామంది ముసుగు వేసుకున్న పాత దేవత అంటారు. నావాత్ల్ వైపునుంచి చూడండి: "తో" అంటే మన, "నాన్" అంటే అమ్మ, "త్సిన్" అంటే గారు. తోనాన్త్సిన్ అంటే "మన అమ్మగారు". ఆ పిలుపు ఒక్క దేవతకే పరిమితమైన పేరు కాదు, పలువురు దేవతలకు చెల్లింది. మేరీమాతను ఆ మాటతో పిలవడం ప్రచారకులనుంచే వచ్చిందని సాగూన్ అనుమానం. "దేవుని అమ్మగారు" అనే అర్థంలో "దియోస్ ఇనాన్త్సిన్" అనాలని ఆయన పట్టుబట్టాడు. తెలుగులో మనం మేరీమాతను అమ్మ అన్నంత మాత్రాన ఆమె ఎల్లమ్మ అయిపోదు; అయినా అమ్మ అనే మాట వెంట వచ్చే చనువు, మొక్కు, నడక అన్నీ పాతవే. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండ ఎక్కినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కాబట్టి నా జవాబు: స్థలం పాతది, నడిచివచ్చే అలవాటు పాతది, పిలుపు పాతది, బొమ్మ మాత్రం చంద్రవంక మీద నిలిచిన యూరప్ మేరీ రూపానికి చెందినది, పేరు స్పెయిన్‌లో కొర్తేస్ పుట్టిన ఎస్త్రెమదూరాలోని ఒక క్షేత్రానిది. ఏ ఒక్క ముక్కనో చూపి మొత్తం అదేననడం పొరపాటు.

ఒక ఏడాది డిసెంబర్ 11 రాత్రి నేను అక్కడ ఉన్నాను. పల్లెలనుంచి నడిచి వచ్చినవారు మాత పటాన్ని చట్రంతో సహా వీపున కట్టుకుని వస్తున్నారు, కొందరు చివరి దూరం మోకాళ్లమీద నడిచారు, అర్ధరాత్రి కాగానే పుట్టినరోజు పాట పాడారు. నీ తల్లిని నేనిక్కడే ఉన్నాను కదా అనే అర్థమిచ్చే మాటలు 1976 నాటి కొత్త బసీలికా ద్వారం మీద ఉన్నాయి. లోపల పటం కింద జనం నిలిచిపోకుండా కదిలే నడకపట్టీలు అమర్చారు. నా పక్కన ఉన్న పెద్దావిడ ఒకసారి దాటిపోయి, మళ్లీ తిరిగొచ్చి ఎక్కి, ఇలా నాలుగుసార్లు చూసుకుంది. ఆమెను తోనాన్త్సిన్ గురించి అడగాలని నాకు తోచలేదు. అయితే ఆ పటం దేవాలయంలోనే ఉండిపోలేదు: 1810లో ఇదాల్గో అనే చర్చి ఫాదర్ స్పెయిన్‌పై తిరుగుబాటు లేవదీసినప్పుడు జెండాగా పట్టుకున్నది ఆ బొమ్మనే, స్వతంత్ర మెక్సికో మొదటి అధ్యక్షుడు తన పేరునే గ్వాదలూపె విక్తోరియాగా మార్చుకున్నాడు, 1914లో సపాతా రైతుసేన రాజధానిలోకి ఆమె బొమ్మతోనే నడిచింది, 1966లో కాలిఫోర్నియా వ్యవసాయ కూలీల పాదయాత్రకు ముందు నడిచింది కూడా ఆమె పతాకమే.

ఇక మీ పాఠం పేరు, "ముగ్గురు తల్లులు". దానికి కూడా తేదీ ఉంది. పాస్ 1950 వ్యాసంలో గ్వాదలూపెను, మలిన్చేను ఎదురెదురుగా నిలిపాడు, యోరోనా పేరు కూడా తెచ్చాడు. ముగ్గురినీ కలిపి తమ తల్లులని ప్రకటించింది 1987లో టెక్సస్‌లో పుట్టిన చికానా (మెక్సికన్ మూలాలున్న అమెరికన్) రచయిత్రి గ్లోరియా అన్సల్దువా. ఆమె ఉద్దేశం ఆ ముగ్గురినీ పురుషుల వ్యాఖ్యానాల చేతిలోనుంచి వెనక్కి తెచ్చుకోవడం. అమెరికాలోని మెక్సికన్ మూలాల స్త్రీలకు ఆ మాట ప్రాణప్రదమైంది. అయితే పాఠ్యపుస్తకం దాన్ని ఎత్తుకుని, ఎవరు ఎందుకు అన్నారో వదిలేసి, మెక్సికన్లందరూ అనాదిగా అలా నమ్ముతున్నట్టు రాసింది. మీ సెమినార్‌లో ఈ ముక్క తప్పక చెప్పండి. నా అభిప్రాయంలో మీరు చెప్పగలిగిన వాటిలో కొత్తది ఇదే.

చివరిది, "మలిన్చీస్తా". మెక్సికోలో ఈ మాట మామూలు సంభాషణలో బాగా వినిపిస్తుంది. దాని అర్థం దేశద్రోహి అని కాదు. సొంత సరుకు కంటే దిగుమతి సరుకు మేలనుకునేవాడు, మనవాళ్ల కంటే విదేశీయుడిని ఎక్కువ గౌరవించేవాడు అని. దేశీ సినిమా చూడనని మొరాయించే కొడుకును తల్లి అనవచ్చు, విదేశీ కోచ్ కావాలన్నవారిని క్రీడాభిమానులు అనవచ్చు. వారిలో వారు అనుకునేది అది. బయటినుంచి వెళ్లిన మన నోట వస్తే పొడుచుకుంటుంది, ఎందుకంటే ఆ మాటలో పరాయివాడి స్థానంలో నిలబడి ఉన్నది మనమే. కాబట్టి వింటే అర్థం చేసుకోండి, అనువాదంలో వస్తే "పరాయి మోజు ఉన్నవాడు" అని రాసుకోండి, మీ అంతట మీరు ఎవరినీ అలా అనకండి. ఆమెను ప్రస్తావించవలసి వస్తే మలిన్‌త్సిన్ అనండి. ఆమె మాట విన్న నావా ప్రజలు ఆమెను పిలిచింది ఆ పేరుతోనే.